జావాకి రంగెయ్యనురా

ఒరే సూరీ,

నీ ఆఫీసాయన జావా బైకు ఫోటోలు చూసాను. మెరిసిపోతోంది, కాదనను. కానీ పెదమావయ్య జావాకి కూడా అలాగే కొత్త రంగూ క్రోమూ చేయించీమన్నావు చూడు, అది మాత్రం నా వల్ల కాదు.

ఇది 1970 మోడల్. మన విజయనగరం జిల్లా పుట్టిందే 1979లో, అంటే బండి జిల్లా కన్నా పెద్దది! మావయ్య దాన్ని బొబ్బిలి తెచ్చేనాటికి బొబ్బిలి ఇంకా శ్రీకాకుళం జిల్లాలోదే. మీటరు 8,000 చిల్లర చూపిస్తోంది. మీటరుని నమ్మీయకు అంటావని తెలుసు. కేబుల్ పీకీసి తిప్పినోళ్లు మనకి తెలీదా ఏటి? అందుకే మిగతావీ చూసాను. ఫుట్‌రెస్ట్ రబ్బర్ల మీద గాట్లు అరగలేదు. చైను కవరు విప్పితే వెనక స్ప్రాకెట్ చక్రం పళ్లు మొన తేలలేదు. కిక్కూ గేరూ ఒకటే రాడ్డు కదా దీనికి, ఎక్కువ తిరిగితే ముందు చెప్పీసేది అదే. దాని రబ్బరూ బాగుంది.

మొన్న పాత పంచె గుడ్డతో టాంకు తుడిచాను. దుమ్ము కింద మెరూన్ రంగు, అంచున బంగారు గీత. మోకాలి రబ్బరు దగ్గరికొచ్చేసరికి ఆ గీత కాస్త లావయ్యిందిరా! స్టిక్కరైతే అలా అవదు. మైసూరు ఫ్యాక్టరీలో ఎవరో కుంచెతో గీసినదే. గంటస్తంభం దగ్గర పెయింటర్ని అడిగితే, "గీకీసి పుట్టీ పెట్టి కొట్టీస్తాను బాబూ, పెళ్లికొడుకులా ఉంటాది" అన్నాడు. గీకితే ఆ గీత పోయినట్టే. రంగు ఎప్పుడైనా వేయించుకోవచ్చు, కంపెనీ రంగు మళ్లీ రాదు. క్రోమూ అంతే. ప్లేటింగుకిస్తే ముందు పాతది ఊడగొట్టి బఫ్ పట్టి అరగదీస్తారు. సైలెన్సర్ల మీద ఆ నాలుగు తుప్పు మచ్చలకి నూనెగుడ్డ చాలు.

అలాగని ఇంట్లో పెట్టి దండ వేస్తానని కాదు. లోపల సంగతి వేరు. టైర్లు గట్టిపడి పక్కలు పగిలిపోయాయి. వాటి మీద నిన్నెక్కించుకుని చీపురుపల్లి వెళ్తే మీ అమ్మ నన్ను బతకనివ్వదు. ఇంజన్‌లోకి బయటి గాలి రాకుండా ఆపే రబ్బరు రింగులు, అవే క్రాంక్ సీళ్లు, ఎండిపోయుంటాయి. అవి గాలి పీలిస్తే పెట్రోలూ గాలీ కలిసిన మిక్చర్ పల్చనై, వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. టూ స్ట్రోకుతో ఇదే పేచీ. అందుకే మా బావమరిది ఎంత తొందరపెట్టినా కిక్కు కొట్టనివ్వలేదు. ప్లగ్గు తీసి, లోపల కాస్త ఆయిలు వేసి, గేర్లో పెట్టి వెనక చక్రం చేత్తో తిప్పాను. ఇంజన్ ఆడుతోంది, పట్టీలేదు. టాంకులో పాత పెట్రోలు మాత్రం వార్నిష్ కంపు కొడుతోంది, కార్బొరేటర్ విప్పి కడగాలి.

ఇంకోటి. 2021లో వచ్చిన రూల్సు ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండికి వింటేజ్ కింద రిజిస్ట్రేషన్ ఇస్తారు. పాత నంబరున్న బండికి అదే ఉంచుతారు, కొత్తగా చేయించేదానికైతే 'వీఏ' నంబరు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు. పైగా రోజూ రోడ్డు మీద తిప్పకూడదట. అదింకా తేల్చుకోలేదు గానీ, అసలు రూపం చెడగొట్టీసాక ఆ గుమ్మం తొక్కడం మాత్రం దండగ.

నువ్వు పండక్కి వస్తున్నావు కదా, బెంగుళూరు జేసీ రోడ్డులో క్రాంక్ సీళ్ల సెట్టు ఒకటి, 3.25-16 టైర్లు రెండు చూడు. పాత టైర్లు పారీను, అటక మీద పెడతాను. బేరం చెప్పకుండా కొనీకు, ముందు ఫోన్ చెయ్యి.

నీ
రాజు