మంత్రి గారూ, ఆ నోటీసు ఎవరు అందిస్తారు?

రాష్ట్ర మహిళా, శిశు సంక్షేమ శాఖ మంత్రి గారికి నమస్కారములు.

అమ్మా, గృహహింస కేసులో కోర్టుకు రమ్మని ఇచ్చిన నోటీసును నా భర్తకు అందించమని వేడుకుంటూ రాస్తున్న నా నాలుగో అర్జీ ఇది. మొదటి మూడింటినీ సోమవారాల్లో కలెక్టరేట్‌లో వరుసలో నిలబడి ఇచ్చాను. మూడింటికీ కొద్ది రోజుల్లోనే ‘మీ అర్జీ పరిష్కరించబడినది’ అని నా ఫోనుకు సందేశం వచ్చింది. పరిష్కారం అంటే నా కాగితాన్ని సంబంధిత కార్యాలయానికి పంపించడమేనని అక్కడి గుమస్తా చెప్పేదాకా నాకు తెలియలేదు. ఆ సంబంధిత కార్యాలయం ఏదో కాదు, ఏ కార్యాలయంలో పని జరగడం లేదని మొరపెట్టుకున్నానో అదే. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను. నా పేరు, ఊరు రాయడం లేదు. నా పిల్లలు ఇప్పుడు ఏ బడిలో చదువుతున్నారో వాళ్ల నాన్నకు తెలియకూడదు.

పదకొండేళ్ల కాపురంలో తిన్న దెబ్బలను ఇక్కడ మళ్లీ చెప్పను. స్టేషన్‌లో చెప్పాను, హింసకు గురైన స్త్రీలకు సాయం చేసే సఖి కేంద్రంలో చెప్పాను, ఉచిత న్యాయ సహాయం కింద వచ్చిన వకీలుకు చెప్పాను, ఇలాంటి కేసుల్లో స్త్రీకి, కోర్టుకు తోడ్పడవలసిన రక్షణ అధికారి కార్యాలయంలో మొదటిసారి రాసుకున్న కాగితం కనిపించడం లేదన్నందుకు రెండోసారి కూడా చెప్పాను. ఫిర్యాదు తెచ్చిన స్త్రీకి రక్షణ అధికారి ఉన్నారని, ఉచిత న్యాయ సహాయం ఉందని, కోర్టుకు వెళ్లే హక్కు ఉందని పోలీసులే తెలియజేయాలని 2005 నాటి గృహహింస చట్టం 5వ సెక్షన్‌లో ఉంది. నాకు తెలియజేసింది మాత్రం ‘పిల్లలున్నారు కదమ్మా, సర్దుకుపో’ అన్న మాట ఒక్కటే. ఇక చేయి చేసుకోనని నా భర్త చేత కాగితం రాయించి, నన్ను ఆయన వెంటే పంపారు. ఆ కాగితం రాసిన తొమ్మిదో రోజు రాత్రి నా ఎడమ చెయ్యి విరిగింది.

మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేశాక సఖి కేంద్రంలో నన్ను ఆదరించిన తీరును మరచిపోలేను. అన్నం పెట్టారు, ఆసుపత్రికి తోడు వచ్చారు, పిల్లలకు బట్టలు చూశారు. అక్కడ ఉండనిచ్చేది ఐదు రోజులు. ఆరో రోజు నుంచి తమ్ముడి ఇంట్లో ఉంటున్నాను. రెండు గదుల ఇల్లు. మా మరదలు ఒక్క మాట కూడా అనదు, కానీ నెలలు గడిచేకొద్దీ ఆమె మౌనం నాకు భారంగా ఉంది.

నా అసలు బాధ నోటీసు గురించి. కోర్టుకు దరఖాస్తు అందిన మూడు రోజుల్లో సాధారణంగా మొదటి విచారణ ఉండాలని, అప్పటి నుంచి అరవై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతోంది. మేజిస్ట్రేట్ ఇచ్చిన నోటీసును రెండు రోజుల్లో అవతలివారికి అందేలా చూడవలసింది రక్షణ అధికారి. నా కేసులో ఇప్పటికి ఏడు వాయిదాలు పడ్డాయి, నోటీసు ఇంకా అందలేదు. రెండుసార్లు ‘చిరునామాలో లేరు’ అని తిరిగి వచ్చింది. మూడుసార్లు కార్యాలయం నుంచి ఎవరూ కోర్టుకు రాలేదు. మిగిలిన రెండుసార్లూ నోటీసు తీసుకెళ్లడానికి మనిషి లేడన్నారు. ఆయన మాత్రం మా ఊరి సెంటర్లో తన ఎరువుల దుకాణాన్ని రోజూ ఉదయం ఎనిమిదికి తెరుస్తున్నారు. ఆ సంగతి నేను కార్యాలయంలో రాతపూర్వకంగా కూడా ఇచ్చాను.

వాయిదాకు వెళ్లడానికి ఆర్టీసీ బస్సులో టికెట్టు కొనవలసిన పని లేదు, అది నిజంగా మేలే. కానీ నేను కుట్టుమిషను మీద జాకెట్లు కుట్టి బతుకుతున్నాను. కుట్టని రోజుకు కూలి లేదు, బడి నుంచి వచ్చే పిల్లలను చూసుకోవడానికి మనిషి లేరు. సాయంత్రం దాకా కోర్టు వరండాలో కూర్చొని, మరో తేదీ రాసుకొని తిరిగి వస్తున్నాను. ఇల్లు, మనోవర్తి, రక్షణ ఉత్తర్వు దేని మీదైనా తుది విచారణ సాగాలంటే ముందు ఆ నోటీసు చేరాలి. చేరకపోతే నేను కోర్టుకు వెళ్లానన్న కోపం ఒక్కటే ఆయనకు మిగులుతోంది. ఆ కోపం వారానికి రెండుసార్లు తమ్ముడి ఇంటి గుమ్మం దాకా వస్తోంది.

ఆ అధికారి ఒక్కరినే తప్పుపట్టాలని నాకు లేదు. మా జిల్లాలో రక్షణ అధికారి పనిని అంగన్‌వాడీలు, పోషకాహారం, బాలల సంరక్షణ అన్నీ చూసే అధికారికే అదనపు బాధ్యతగా ఇచ్చారు. ఆమె బల్ల మీది దస్త్రాల దొంతరలను నేను కళ్లారా చూశాను. అయితే ఆ దొంతరలో అడుగున ఉన్నది నా ప్రాణం కూడా కదా అమ్మా! ఈ పని ఒక్కటే చూసే రక్షణ అధికారిని మా జిల్లాకు నియమించండి. నోటీసు పట్టుకెళ్లడానికి ఒక మనిషిని, వెళ్లడానికి ఒక వాహనాన్ని ఇవ్వండి. నోటీసు అందకుండానే ‘పరిష్కరించబడినది’ అనే సందేశాలు పంపవద్దని చెప్పండి. ఇవన్నీ వెంటనే కావంటే, కనీసం నా ఒక్క నోటీసైనా అందించండి. దయచేసి అందించండి.

తదుపరి వాయిదా వచ్చే నెల మొదటి గురువారం. నా కేసు నంబరు మూడో అర్జీలో ఉంది, అది మీ శాఖ దగ్గరే ఉంది. దుకాణం ఉదయం ఎనిమిదికి తెరుస్తారు.

ఇట్లు,
మీ సాయం కోసం ఎదురుచూస్తున్న ఒక అర్జీదారు