ఆ ఆరు రోజులు షట్టర్ ఎందుకు దించామంటే

అమ్మలకు, అక్కలకు, చెల్లెళ్ళకు నమస్తే.

దీపావళి మరునాటి నుంచి ఆరు రోజులు మన టైలరింగ్ షాపు మూసి ఉంది. షట్టర్ మీద ‘మెషీన్ రిపేర్’ అని కాగితం అంటించాను. అది అబద్ధం. మెషీన్లన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి. నేను ముంబై వెళ్ళాను, సినిమా చూడటానికి.

ఇప్పుడు మూఢం వచ్చి పని కాస్త పలచబడింది కాబట్టి కూర్చుని రాస్తున్నాను. అప్పుడే చెప్పాల్సింది. మొహమాటపడ్డాను.

ఈసారి పెళ్ళిళ్ళ సంగతి మీకు తెలుసు. నవంబరు ఆఖరు నుంచి ముహూర్తాల్లేవని అందరూ ఆ నెలలోనే పెట్టుకున్నారు. నేను బండెక్కే రోజుకి షాపులో నలభై మూడు జాకెట్లు, ఆరు లెహంగాలు కటింగ్ కూడా కాకుండా ఉన్నాయి. కటింగ్ మాస్టర్‌గారు పండక్కి సొంతూరు వెళ్ళారు. కుట్టే అమ్మాయిలిద్దరికీ నేను కట్ చేసి ఇస్తేనే పని. అంటే నేను లేకపోతే షాపు లేదు. అది తెలిసే వెళ్ళాను.

దేనికంటారా? ‘దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే’ వచ్చింది 1995 అక్టోబరు 20న. ముంబై సెంట్రల్ స్టేషన్ దగ్గర మరాఠా మందిర్ అనే థియేటర్లో ఆ సినిమా, కరోనాకి థియేటర్లు మూసిన రోజులు తప్పితే, అప్పటినుంచీ ఆడుతూనే ఉంది. 2014 డిసెంబరులో వెయ్యి వారాలైతే పేపర్లో చదివి, ఆ ముక్క కత్తిరించి కటింగ్ టేబుల్ అద్దం కింద పెట్టుకున్నాను. మీలో చాలామంది చూసే ఉంటారు. ముప్పై ఏళ్ళు నిండేలోపు ఒక్కసారి వెళ్ళాలని ఏటా అనుకోవడం, ఏటా ఏదో సీజన్ అడ్డం రావడం. 2025లో ఆ 20వ తేదీ దీపావళి రోజే పడింది. లక్ష్మీపూజ వదిలి వెళ్ళలేను కదా. మరునాడు మధ్యాహ్నం నాంపల్లిలో హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కేశాను. “టీవీలో పెట్టిన ప్రతిసారీ చూస్తావు, దానికోసం రైలెక్కి పోతావా?” అన్నారు మా ఆయన. అన్నారు గానీ పులిహోర పొట్లం కట్టించిందీ ఆయనే.

షో పదకొండున్నరకి. నా ముందు వరసలో బ్యాగులు పెట్టుకుని కూర్చున్నవాళ్ళని చూస్తే రైలుకి టైం ఉండి వచ్చినట్టున్నారు. ఒకాయన మొదటి పాట అయ్యేలోపే నిద్రపోయాడు. నా పక్కన ఒక పెద్దావిడ మాత్రం ప్రతి డైలాగూ పెదవులు కదుపుతూ షారుఖ్ కంటే అర సెకను ముందు చెప్పేస్తోంది. స్టేషన్లో కాజోల్ వెళ్ళిపోతుంటే షారుఖ్ వెనక నుంచి ‘పలట్’, అంటే ‘వెనక్కి తిరుగు’ అంటాడు చూడండి, అక్కడ హాలంతా ఒక్కసారి అరిచింది. నేనూ అరిచాను. నాకు నలభై ఏడేళ్ళు.

మెహందీ పాటలో ఆ ఆకుపచ్చ లెహంగా ఉంది కదా, మనీష్ మల్హోత్రా డిజైన్. దాన్ని నేను ఈ ముప్పై ఏళ్ళలో ఎన్నిసార్లు కుట్టానో లెక్కలేదు. అన్నీ టీవీలో చూసి కుట్టినవే. పెద్ద తెర మీద చూస్తే తప్ప తెలియలేదు, ఆమె తిరిగినప్పుడు ఘేరా, అంటే లంగా కింది చుట్టు, ఎలా విచ్చుకుంటుందో, ఆగాక ఎంతసేపటికి సర్దుకుంటుందో. నేను కుట్టినవి అంత తేలిగ్గా తిరగవు. లోపల క్యాన్‌క్యాన్, అదే గట్టి నెట్ బట్ట, ఎక్కువ వేస్తున్నాను, అంతే. ఇది ఖాయం చేసుకోవాలని రెండో రోజు మళ్ళీ వెళ్ళాను. మూడో రోజు దేనికి వెళ్ళానో నాకే తెలియదు. తిరుగు టికెట్ కన్ఫర్మ్ కాలేదని కొందరికి ఫోన్లో చెప్పాను. అది సగం నిజమే.

బాంద్రాలో షారుఖ్ ఇల్లు మన్నత్ గేటు ముందు కూడా నిలబడి వచ్చాను. అప్పుడు ఇంటికి మరమ్మతులు జరుగుతున్నాయి, షారుఖ్ వాళ్ళు పాలీ హిల్‌లో అద్దెకుంటున్నారని తెలిసే వెళ్ళాను. నాలాంటివాళ్ళు ఇంకో యాభై మంది ఉన్నారు. లోపల మనిషి లేడని తెలిసీ గేటుకి ఫొటోలు తీసుకుంటున్నారు. దీని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

అసలు నాకు ఈ పని అబ్బిందే హిందీ సినిమా వల్ల. అమ్మ కుట్టేది, నేను చూసేదాన్ని. అమ్మకి ముంతాజ్ అంటే పిచ్చి. 1968లో వచ్చిన ‘బ్రహ్మచారి’లో ముంతాజ్ కట్టిన నారింజ రంగు చీర గురించి ఎంత చెప్పేదో. అది మామూలుగా కట్టిన చీర కాదు, జిప్పు పెట్టి ఒంటికి పట్టేలా కుట్టింది. చేసినావిడ భాను అథయ్యా. తర్వాత ‘గాంధీ’ సినిమాకి ఆస్కార్ తెచ్చుకుంది, మన దేశంలో అది అందుకున్న మొదటి మనిషి. ఇప్పుడు మీ పిల్లలు ‘ఆంటీ, ప్రీ స్టిచ్‌డ్ చీర కుడతారా, ఒక్క నిమిషంలో కట్టేసుకోవాలి’ అని వస్తుంటే నాకు అమ్మే గుర్తొస్తుంది.

నా సొంత పిచ్చి 1994లో మొదలైంది. ‘హమ్ ఆప్కే హై కౌన్’. మనకి తెలుగులో ‘ప్రేమాలయం’గా వచ్చింది, దానికి ముందు ‘ప్రేమ పావురాలు’ వచ్చినట్టే. మాధురి వంగపండు రంగు బట్టల్లో మెట్లు దిగుతుంటే మా వీధిలో ఆడపిల్లలెవరికీ మతి లేదు. వీపు బాగా దించి, డోరీలు కట్టే ఆ జాకెట్ కోసం అమ్మ దగ్గరికి వరస కట్టారు. తల్లులేమో వెనకాలే వచ్చి ‘వీపు మూసెయ్యమ్మా’ అని చెవిలో చెప్పి వెళ్ళేవాళ్ళు. అమ్మ ఇద్దరికీ సరేననేది. మెడ దించి కుట్టి, లోపల నుంచి రెండు హుక్స్‌తో అదే రంగు ముక్క తగిలించేది. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు ముక్క ఉండేది. ఫంక్షన్ హాల్లో ఉండేది కాదు. ఆ కిటుకు ఇప్పటికీ మన షాపులో దొరుకుతుంది, అడగండి.

2005లో ‘బంటీ ఔర్ బబ్లీ’ వస్తే రాణీ ముఖర్జీ కాలర్ కుర్తాలు. 2007లో ‘జబ్ వి మెట్’ వచ్చి నా ప్రాణం తీసింది. కరీనా టీషర్టు కింద పటియాలా సల్వార్ వేసింది కదా. మామూలు సల్వార్‌కి రెండున్నర మీటర్లు చాలు. పటియాలాకి కుచ్చులన్నీ నడుము దగ్గర పట్టాలి కాబట్టి కనీసం నాలుగు మీటర్లు కావాలి. తార్నాక నుంచి వచ్చే ఒక అక్క రెండున్నర మీటర్ల కాటన్ ఇచ్చి అచ్చం కరీనాలాగే కావాలంది. కుదరదని చెప్పాల్సింది. చెప్పలేదు, కుట్టాను. అది ధోతీ కాదు, పైజామా కాదు. ఆ అక్క ఇప్పటికీ మన దగ్గరికే వస్తుంది గానీ, కొలతలిచ్చేటప్పుడు నా మొహం చూసి నవ్వుతుంది.

ఇక మీతో అసలు లెక్క.

నేను లేని ఆరు రోజుల వల్ల పదకొండు మందికి బట్టలు ఆలస్యంగా ఇచ్చాను. అందులో తొమ్మిది మందికి ఫంక్షన్ లోపే అందాయి, రాత్రి రెండు దాకా కుట్టి ఇచ్చాం. ఆ రాత్రుళ్ళు నా సినిమాకి శిక్ష పడింది అమ్మాయిలిద్దరికి. వాళ్ళకి డబుల్ కూలి ఇచ్చాను. మిగతా ఇద్దరికి టైంకి ఇవ్వలేకపోయాను. ఒకమ్మాయి సొంత అక్క ఎంగేజ్‌మెంట్‌కి నేను కుట్టాల్సిన లెహంగా లేక, పాత పట్టు లంగావోణీ వేసుకుని వెళ్ళింది. వాళ్ళమ్మగారు షాపుకొచ్చి గట్టిగా అరిచి ఉంటే బాగుండేది. ఏమీ అనకుండా బట్ట తీసుకుని వెళ్ళిపోయారు. ఆ ఇద్దరికీ అడ్వాన్స్ మొత్తం వెనక్కిచ్చాను, తొమ్మిది మందికి కుట్టుకూలిలో సగం తగ్గించాను. ఎవరికైనా అందకపోతే బిల్లు తీసుకుని రండి.

అమితాబ్ బచ్చన్ ఒక సంగతి చెప్పారు. 1975లో వచ్చిన ‘దీవార్’ మొదటి రోజు షూటింగుకి ఆయన చొక్కాని మోకాళ్ళు దాటేంత పొడుగు కుట్టేశారట. మార్చే టైం లేక కింద ముడేసుకున్నారు, అదే స్టైలైపోయింది. ఆ టైలర్ అదృష్టవంతుడు. నేను తప్పు కుడితే ముడేసుకోమని మీకు చెప్పలేను కదా, అందుకే కొన్ని మార్పులు చేస్తున్నాను. సినిమా ఫొటో చూపించి అలాగే కావాలంటే ఇరవై రోజుల ముందు ఇవ్వాలి, ఆది జాకెట్ తప్పకుండా తేవాలి. లైనింగ్ జాకెట్ మీద యాభై రూపాయలు పెంచుతున్నాను. అది ముంబై ఖర్చుకి కాదండీ, లైనింగ్ బట్టా దారం రెండూ పెరిగాయి, పోయిన ఉగాది నుంచీ నేను పెంచలేదు. షాపు మూసేదుంటే పదిహేను రోజుల ముందు అసలు కారణంతోనే బోర్డు పెడతాను.

వస్తూ వస్తూ మంగళ్‌దాస్ మార్కెట్‌కి వెళ్ళి కొంత బట్ట తెచ్చాను. ఆకుపచ్చ షిఫాన్ పన్నెండు మీటర్లు, వంగపండు రంగు శాటిన్ తొమ్మిది మీటర్లు. కొన్న ధరకే ఇస్తాను. పటియాలా కావాలనే వాళ్ళకి పూల కాటన్ కూడా ఉంది. నాలుగు మీటర్ల లోపు మాత్రం కోసివ్వను.