లేబుల్ మీద 3 ఉన్న బ్యాగులవాళ్లు ఒకసారి ఇది చదవండి

బరువులు మోయడానికి చేసిన మన వీపు బ్యాగు కొన్నవాళ్లందరికీ నమస్కారం.

నడుము బెల్టు లోపలివైపు చిన్న తెల్ల లేబుల్ ఉంటుంది. దాని మీద 3 అని ఉంటే, అంటే అది మూడో బ్యాచ్‌దైతే, మీ బ్యాగు వీపు భాగంలో ఫ్రేమును నిలబెట్టే రెండు అల్యూమినియం పట్టీలు బాగోలేవు. పదిహేను కిలోల దాకా మీకు తేడా తెలియకపోవచ్చు. ముప్పై దాటితే వంగిపోతాయి. అలాంటివి 41 అమ్మాను. సరుకిచ్చినాయన చేసిందేమిటో కింద చెప్తాను కానీ, బ్యాగు మీదున్నది మా పేరు, డబ్బు తీసుకున్నది నేను. కాబట్టి తప్పు నాదే.

ఇది బయటపడింది కొలరాడోలో. డెన్వర్ దగ్గర ఉద్యోగం చేసే మన తెలుగు తమ్ముడొకడు ఆఫీసువాళ్లతో కలిసి ఏటా ఎల్క్ వేటకు వెళ్తాడు. ఎల్క్ అంటే మన కణుజు లాంటిదే, ఇంకా భారీగా ఉంటుంది. బాగా ఎదిగిన మగది మూడు వందల కిలోలు దాటుతుంది. కొట్టాక మాంసం అడవిలో వదిలేసి వస్తే అక్కడ నేరం. కోసి, ముక్కలు చేసి, బండి ఆపిన చోటికి వీపు మీద మోసుకురావాల్సిందే. ఒక్క వెనక కాలే ముప్పై కిలోల దాకా తూగుతుంది. మనవాడు ఆ కాలు కట్టుకుని దిగుతుంటే సగం దారిలో బ్యాగు వీపు మీద కూలబడింది. దసరా వెళ్లిన రెండు వారాలకు నాకు ఫొటో పంపి, "అన్నా, మీ ఫ్రేము కూర్చుంది" అని రాశాడు. ఒక్క తిట్టు లేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఆ తర్వాత ఇక్కడే ఇంకొకాయన "ఈ బ్యాగు బియ్యం బస్తా మోయడానికి కూడా పనికిరాదు" అని రాశారు. అది చదివి రెండు రోజులు షాపుకు వెళ్లలేదు.

ఇక్కడ ఒక మాట. మన దేశంలో వేట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. "అడవి పంది పట్టేంత బ్యాగు కావాలి" అని ఫోన్ చేసినవాళ్లు ఇద్దరున్నారు, మళ్లీ చేయకండి. నేను వేట బ్యాగుల పద్ధతిని చూసి ఫ్రేము తయారుచేసిన కారణం వేరు. ట్రెక్కింగుకు వెళ్లేవాడి బ్యాగు బరువు, అందులోని తిండి తింటున్నకొద్దీ తగ్గుతుంది. వేటగాడు పది కిలోలతో వెళ్లి నలభైతో తిరిగొస్తాడు. అందుకే ఆ బ్యాగుల్లో సంచిని ఫ్రేము నుంచి కాస్త వెనక్కి జరిపి, మధ్యలో బరువును వీపుకు ఆనించి కట్టుకునే ఏర్పాటు ఉంటుంది. మన దగ్గర సర్వేవాళ్లకు, పెద్ద లెన్సులు మోసే పక్షుల ఫొటోగ్రాఫర్లకు, భువనగిరి గుట్ట దగ్గర రాళ్లెక్కడానికి తాళ్లు, ఇనుప సామాను మోసే కుర్రాళ్లకు కావాల్సింది సరిగ్గా అదే.

ఇక పట్టీల సంగతి. నేను అడిగింది 7075 అల్యూమినియం, టీ6 రకం. మామూలుగా దొరికే 6061 రకం కంటే దాదాపు రెట్టింపు బరువు పడితే గానీ వంగి అలాగే ఉండిపోదు. సరుకిచ్చినాయన ఇచ్చింది నిజంగా 7075నే, అందులో మోసం లేదు. మోసమంతా వంచడంలో జరిగింది. పట్టీని నడుము ఒంపుకు తగ్గట్టు చల్లగా ఉండగానే, మెల్లగా, కొంచెం కొంచెంగా వంచాలి. అది మొండి లోహం. వంచినకొద్దీ వెనక్కి కొడుతుంది, తొందరపడితే పగులుతుంది. ఒక్కో పట్టీకి పది నిమిషాలు పడుతుంది. ఆయన పనివాళ్లు గ్యాస్ మంట పెట్టి, వేడిచేసి రెండు నిమిషాల్లో వంచేశారు. టీ6 బలమంతా వేడిచేసే పద్ధతితో తెచ్చిన బలం. మళ్లీ అడ్డదిడ్డంగా కాలిస్తే అది దిగిపోతుంది. పైకి మాత్రం అదే మెరుపు, అదే బరువు. పైగా మంట మచ్చలు కనబడకుండా పాలిష్ పట్టారు.

నేను కనిపెట్టింది మోకాలితో. మొదటి బ్యాచ్‌లో మిగిలిన పట్టీని మోకాలికి ఆనించి రెండు చేతులతో వంచి వదిలితే టక్కున యథాస్థానానికి వచ్చింది. మూడో బ్యాచ్‌ది వంచాను. వదిలాక కూడా వంగినట్టే ఉండిపోయింది. చేతిలో అలా పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. సరుకు దింపుకున్న రోజే ఈ పని చేసుంటే అర నిమిషం పట్టేది. ఎనిమిదేళ్లుగా తెలిసిన మనిషి కదా అని చేయలేదు. అడగడానికి వెళ్తే ఆయన, "బ్యాగులో అంత బరువు ఎవడు మోస్తాడు సార్" అన్నాడు. మోసేవాళ్ల కోసమే కదయ్యా నేను షాపు పెట్టింది! ఆయనతో లెక్క తేల్చుకున్నాను. ఇక అటు వెళ్లను.

పట్టీ మెత్తబడితే పోయేది పట్టీ ఒక్కటే కాదు. ఫ్రేము పై అంచు మీ భుజాల కంటే నాలుగు వేళ్లు ఎత్తులో ఉండాలి. అక్కడి నుంచి భుజం పట్టీలకు ఏటవాలుగా వచ్చే చిన్న బెల్టులే బరువును భుజాల మీద నుంచి లేపుతాయి. ఫ్రేము కుంగితే ఆ బెల్టులు అడ్డంగా పడుకుంటాయి. అప్పుడు నడుము బెల్టు ఎంత బిగించినా బరువంతా మెడ మీదకొస్తుంది. మీలో కొందరు "నడుము బెల్టు జారుతోంది" అన్నప్పుడు, సరిగా బిగించుకోవట్లేదని నేనే మీకు పాఠం చెప్పాను. క్షమించండి.

తర్వాత ఏం చేయాలన్నదే నన్ను మూడు వారాలు నిద్రపోనివ్వలేదు. చాలామంది ఎప్పట్నుంచో అడుగుతున్నారు, భుజం పట్టీలు పైకీ కిందకీ జరిపేలా, ఒకే బ్యాగు అందరికీ సరిపోయేలా చేయమని. అలాంటి రెడీమేడ్ ఫ్రేము దొరుకుతుంది. తెప్పించి సంచి కుట్టడమే. మూడు సైజుల సరుకు నిల్వ పెట్టక్కర్లేదు, నా డబ్బు ఇరుక్కోదు, పట్టీలు వంచే బాధే లేదు. ఒకటి తెప్పించాను. ఇరవై ఐదు కిలోల సోనా మసూరి బస్తా, పైన ఐదు కిలోల కందిపప్పు కట్టి (ఆ బియ్యం బస్తా మాట ఇంకా చెవిలో ఉంది మరి) మా బిల్డింగు మూడంతస్తులు ఇరవై సార్లు ఎక్కి దిగాను. భుజం పట్టీ ఎక్కడ ఉందో సుద్దముక్కతో గీత పెట్టుకున్నాను. దించి చూస్తే గీత నుంచి వేలెడు కిందకు జారింది. వెల్‌క్రో పట్టు అంతే. పెద్ద కంపెనీలు గట్టిగా లాకయ్యే రకం చేస్తాయి, అవి జారవు. నా ధరలో వచ్చేది మాత్రం జారుతుంది.

అయినా మనసు ఊగింది. అద్దెకిచ్చే ఒక ట్రెక్కింగ్ గ్రూపు, జరిపే రకమైతే పన్నెండు తీసుకుంటామంది. మా ఆవిడ లెక్కల పుస్తకం ముందు పెట్టి, "నీ పంతానికి ఎంతవుతుందో రాసుకో" అంది. రాసుకున్నాను. ఆ రాత్రి మెట్ల మీద పాత బ్యాచ్ బ్యాగుతో అదే బస్తా మోశాను. గీత కదల్లేదు. పన్నెండు బ్యాగులు పోతే పోయాయి. మనది ఎప్పటిలాగే వీపు పొడవును బట్టి 17, 19, 21 అంగుళాల మూడు సైజుల్లోనే ఉంటుంది. అల్యూమినియం పట్టీలు ఇక మా షాపులోనే వంచుతున్నాం. ప్రతిదాన్నీ నేనే మోకాలికి ఆనించి చూస్తాను. మోకాలి చిప్ప మీద ఇప్పటికే నల్లగా మచ్చ పడింది.

3 నంబరువాళ్లు బ్యాగు మొత్తం పంపక్కర్లేదు. వీపు వైపు పైన ఉన్న మూత తీస్తే పట్టీలు బయటకు జారుతాయి. పాతవి పారేయకుండా ఫొటో పంపండి. కొత్తవి కొరియర్ ఖర్చుతో సహా మావే, ఈ నెలాఖరులోగా చేరతాయి. డబ్బు వాపసు కావాలన్నా ఇస్తాను, కారణం అడగను. అప్పటిదాకా పదిహేను కిలోలు మించకండి.

సైజు విషయంలో అనుమానం ఉంటే ఇంట్లో ఎవరితోనైనా కొలిపించుకోండి. తల వంచితే మెడ వెనక ఎత్తుగా ఒక ఎముక తగులుతుంది. అక్కడి నుంచి, తుంటి ఎముకల మీద చేతులు పెట్టుకుంటే రెండు బొటనవేళ్లు వెనక కలిసే చోటు దాకా, టేపును వీపు ఒంపు వెంబడి ఆనించి కొలవాలి. మీ ఎత్తును బట్టి మాత్రమే దీన్ని చెప్పలేం. ఆరడుగుల మనిషికి 17 సరిపోవడం నేను చూశాను.

లేబుల్ మీద 1, 2 ఉన్నవాళ్లు ఏమీ చేయక్కర్లేదు. అయినా మోకాలి పరీక్ష చేసుకోవాలనిపిస్తే చేసుకోండి. మెల్లగా.