టూ స్ట్రోక్ ఇంజన్ అంత తేలిగ్గా చావదు

ఎడిటర్ గారికి నమస్కారం.

విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై నాలుగేళ్లు స్కూటర్లు బాగుచేసినవాణ్ణి. ప్రస్తుతం సిడ్నీలో, పెండిల్ హిల్ అనే పేటలో, మా అబ్బాయి దగ్గర ఉన్నాను. పొద్దున్నే కాఫీ తాగుతూ మీ పత్రిక చదివే అలవాటు ఇక్కడికొచ్చినా పోలేదు, కాకపోతే ఫోన్లో చదువుతున్నాను. పాడైన సామాన్లు పారేయడం గురించి ఈమధ్య మీరు వేసిన వ్యాసంలో ఫోన్లు, టీవీలు, ఫ్రిజ్‌లు అన్నీ ఉన్నాయి గానీ ఇంజన్ల ఊసే లేదు. అందుకే ఈ ఉత్తరం.

ఇక్కడ కౌన్సిల్ వాళ్లు అప్పుడప్పుడూ లారీ తెచ్చి పెద్ద సామాను ఎత్తుకుపోతారు. జనం ముందురోజే సోఫాలు, పరుపులు ఇంటిముందు పెట్టేస్తారు. మొన్న ఎదురింటి తెల్లాయన ఆ కుప్ప పక్కన విక్టా మోవరు నిలబెట్టాడు. గడ్డి కోసే మిషను, టూ స్ట్రోక్. అంటే మన పాత చేతక్ స్కూటర్‌లాగా పెట్రోల్లోనే ఆయిలు కలిపి పోసే రకం ఇంజను. అది చూశాక నా చేతులు ఊరుకుంటాయా? వెళ్లి అడిగితే, ఇంజన్ పోయింది, కావాలంటే పట్టుకెళ్లమన్నాడు. తోసుకుంటూ గేటులోకి వస్తుంటే మా అబ్బాయి "నాన్నా, కొత్తది కొనిస్తాను, ఆ తుక్కెందుకు మనకి" అన్నాడు. మా ఆవిడ మాత్రం ఒక్క మాటా అనలేదు. పాత తువ్వాలు ఒకటి తెచ్చి పడేసి లోపలికెళ్లింది, మంచి తువ్వాళ్ల జోలికి పోకుండా ముందుజాగ్రత్త.

మనకి చేతక్ ఎలాగో ఇక్కడివాళ్లకి విక్టా అలాగ. 1952లో మెర్విన్ విక్టర్ రిచర్డ్‌సన్ అనే ఆయన ఇదే ఊళ్లో, కాంకర్డ్‌లోని తన ఇంటి గ్యారేజీలో, పాత ఇనప సామానుకి విల్లియర్స్ టూ స్ట్రోక్ ఇంజన్ బిగించి మొదటి మోవరు తయారుచేశాడు. పెట్రోలు ట్యాంకు ఏమిటనుకున్నారు? పీచ్ పళ్లు అమ్మే రేకు డబ్బా! అచ్చం మా ఆటోనగర్ బుర్రే. 2000లో సిడ్నీ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో ఈ మోవర్లు నెట్టుకుంటూ ప్రదర్శన కూడా ఇచ్చారు. అంత ముద్దుచేసిన మిషన్ని ఇప్పుడు పరుపుల పక్కన పెడుతున్నారు.

తాడు లాగి చూశాను. కంప్రెషన్, అంటే లోపలి గాలి ఒత్తిడి, గట్టిగా తగిలింది. పిస్టన్ పట్టెయ్యలేదు, రింగులూ బాగానే ఉన్నట్టు. ప్లగ్గు విప్పి హెడ్డుకి ఆనించి మళ్లీ లాగితే స్పార్కు నీలంగా పడింది. కానీ అన్నిసార్లు తాడు లాగినా ప్లగ్గుకి తడి లేదు. అంటే పెట్రోలే అందడం లేదు. ట్యాంకు మూత తీస్తే గుప్పుమని వార్నిష్ వాసన. ఎన్నేళ్లనాటిదో, తేలిక భాగమంతా ఆవిరైపోయి అడుగున బంక మిగిలింది. పెట్రోలుని గాలితో కలిపి ఇంజన్‌కి అందించే కార్బొరేటర్ ఒళ్లంతా ప్లాస్టిక్కే. దాని లోపలి డయాఫ్రమ్, పల్చటి రబ్బరు పొర, ఎండిపోయి అప్పడంలా విరిగింది. సైలెన్సర్‌లో కందిరీగలు మట్టిగూడు కట్టుకున్నాయి. ఎగ్జాస్ట్ పోర్టు, అంటే పొగ బయటికి పోయే రంధ్రం, సగం కార్బన్‌తో పూడిపోయింది. పిస్టన్ పైకి తెచ్చి పోర్టు మూసి, పుల్లతో మెల్లిగా గీకాను. స్క్రూడ్రైవర్ పెడితే పిస్టన్ మీద గీత పడుతుంది. నా దగ్గర పని నేర్చుకున్న ప్రతి కుర్రాడూ మొదటి తిట్లు తిన్నది ఇక్కడే.

డయాఫ్రమ్ కిట్టు దగ్గర్లోని మోవర్ల షాపులో దొరికింది. ఇరవై డాలర్లు కూడా కాలేదు. బ్లేళ్ల బోల్టులు, నట్లు మాత్రం కొత్తవి వేశాను, వాటి దగ్గర పీనాసితనం పనికిరాదు. రెండో రోజు సాయంత్రం, నాలుగో లాగుడుకి అందుకుంది. ఆ చప్పుడు విని ఎదురింటాయన చెప్పులైనా లేకుండా పరుగెత్తుకొచ్చాడు. మా ఇంటిముందు నీలం పొగ, అందులో ఇద్దరు ముసలాళ్లం.

పొగ గురించి నిజమే చెప్పాలి. టూ స్ట్రోక్‌లో కాలిన పొగని బయటికి నెట్టేది లోపలికొచ్చే కొత్త పెట్రోలే; అందులో కొంత కాలకుండానే ఎగ్జాస్ట్‌లోంచి జారిపోతుంది. ఇక్కడ 2019 జులై 1 నుంచి కాలుష్య ప్రమాణాలకి తూగని ఇంజన్లు కొత్తవి అమ్మకూడదు. మంచి రూలే, నేనేమీ కాదనను. రోజంతా గడ్డి కోసి బతికేవాడు ఈ పాతది వాడకూడదు కూడా. కానీ పదిహేను రోజులకోసారి పావుగంట తిరిగేదాని కోసం ఇంత ఇనుము కరిగించి, ఇంకోటి ఓడ మీద తెప్పించుకోవాలా? ఆయిలు కొలతగా పోస్తే పొగ చాలావరకు తగ్గుతుంది. దీనికి ఇరవై అయిదుకి ఒకటి, అంటే లీటరు పెట్రోలుకి నలభై మిల్లీలీటర్లు. "ఎక్కువైతే ఇంజనుకే మంచిదిలే" అని కొలత లేకుండా పోసేవాళ్లతో నా జీవితమంతా గడిచింది.

ఇదంతా సిడ్నీ గొడవ, మనకెందుకు అనుకోకండి. గుంటూరు దగ్గర మా బావమరిది మిరపచేలో మందు కొట్టే తైవాన్ పంపులు వాడతాడు. వీపున తగిలించుకునేవి, అవీ టూ స్ట్రోకే. కిందటేడు వాళ్ల పశువుల పాకలో రెండు పాత పంపులు దూలానికి వేలాడుతున్నాయి, మూడోది కొత్తగా కొన్నాడు. ఆ రెండూ విప్పితే ఒకదానికి ఆయిల్ సీలు పోయింది, రెండోదానికి బంక తప్ప ఏ జబ్బూ లేదు. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు (కొన్న సామాను బాగుచేయించుకునే హక్కు) మీద కమిటీ వేసినప్పుడు వ్యవసాయ పనిముట్లని కూడా అందులో చేర్చింది. సంతోషమే. ఆ హక్కు మా బావమరిది పాకదాకా వచ్చేసరికి ఎన్నాళ్లవుతుందో గానీ, బంకకి చట్టంతో పనిలేదు.

అందుకని నా మనవి ఒకటే. మిరప కోతలు అయ్యేలోపు మీ వ్యవసాయం పేజీలో ఓ మూల ఇంత వేయండి: పంపు దాచేముందు ట్యాంకు వంచేసి, కార్బొరేటర్‌లో మిగిలింది అయిపోయి ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడిపి, ప్లగ్గు విప్పి ఆ రంధ్రంలో రెండు చుక్కలు టూటీ (టూ స్ట్రోక్) ఆయిలు వేసి, తాడు ఒకసారి లాగి పెట్టుకోమని. బొమ్మ కావాలంటే నేనే గీసి పంపుతాను. నా చేతిరాత బాగోదు గానీ కార్బొరేటర్ బొమ్మ బాగానే వేస్తాను.

ఇట్లు,
ఒక పాత స్కూటర్ మెకానిక్,
విజయవాడ (ప్రస్తుతం సిడ్నీ)