ఇయర్‌ఫోన్ల జాబితాలో చెవుల ఊసేది?

సంపాదకుల గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ టెక్నాలజీ పేజీలో ఖరీదైన ఇన్-ఇయర్ ఇయర్‌ఫోన్ల మీద అరపేజీ వ్యాసం వేశారు. ధరల వరసలో అయిదు, పక్కన నక్షత్రాలు, ధర పెరిగే కొద్దీ నక్షత్రాలూ పెరిగాయి. మాది చెన్నై, సాలిగ్రామం. ఆదివారం పేపరు మా ఇంట్లో ముందు మా బావమరిది చేతిలో పడుతుంది, వాడు అది చదివి మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి రెండో నంబరుది కొనెయ్యడానికి సిద్ధమైపోయాడు. "పేపర్లోనే వేశారు కదా బావా" అన్నది వాడి వాదన. ఆ మాట విన్నాకే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. కాస్త పొడుగవుతుంది, చోటు లేకపోతే కోసుకోండి, చెవి గురించి రాసిన ముక్క మాత్రం కొయ్యొద్దు.

మీ వ్యాసంలో లోపల శబ్దం పుట్టించే డ్రైవర్లు ఎన్నో రాశారు, వైరు రాగిదో వెండి పూతదో రాశారు, పెట్టె తెరిస్తే ఎంత ముచ్చటగా ఉందో కూడా రాశారు. అది చెవిలో ఎలా కూర్చుంటుందో ఒక్క వాక్యం లేదు. చెప్పుల గురించి రాస్తూ సైజు మర్చిపోయినట్టుంది.

నా సొంత కథ చెప్తాను. కొన్నేళ్ళ క్రితం మా ఊళ్ళో ఎలక్ట్రానిక్స్ కొట్లుండే రిచీ స్ట్రీట్‌లో ఒక కొట్టులో పద్దెనిమిది వేలు పోసి ఒకటి కొన్నాను. చెవిలో పెట్టి చూస్తానంటే "సీలు తీస్తే వెనక్కి తీసుకోం సార్" అన్నాడు, నేనూ బింకం కొద్దీ సరే అన్నాను. ఇంటికొచ్చి వింటే బేస్ లేదు, మృదంగం డబ్బా మీద కొట్టినట్టుంది, గొంతులు సన్నగా, ఎక్కడో రేకుల షెడ్డులోంచి వస్తున్నట్టు. నెల రోజులు 'అలవాటవుతుందిలే' అని నన్ను నేను మభ్యపెట్టుకుని, చివరికి ఆఫీసులో ఒకతనికి సగం ధరకి ఇచ్చేశాను. అతను పెట్టెలో ఉన్న పెద్ద సైజు రబ్బరు టిప్స్, అదే చెవిలో దూరే తొడుగులు, మార్చుకున్నాడు, అంతే. ఇవాళ్టికీ అదే వింటున్నాడు, బేస్ ఎక్కువైందేమోనని నన్నే అడుగుతాడు! నా కడుపుమంట మీరే ఊహించుకోండి.

జరిగింది చాలా మామూలు సంగతి. ఇయర్‌ఫోన్‌కీ చెవి గోడకీ మధ్య వెంట్రుకంత సందు ఉన్నా ముందు పోయేది బేస్. ఆ బుల్లి డ్రైవరు కదిలించే గాలి చెవి గొట్టంలో బంధించి ఉంటేనే మంద్ర స్థాయి మనకి అందుతుంది, సందు ఉంటే ఆ గాలి బయటికి పోతుంది. అప్పుడు రెండు వేలదైనా లక్షదైనా ఒకటే గతి. పైగా మనిషికి రెండు చెవులూ ఒకే కొలతలో ఉండాలని రూలేమీ లేదు. మా బావమరిదికి ఎడమ చెవికి చిన్న టిప్, కుడి చెవికి మధ్యస్థం సరిపోతాయి, ముప్ఫై ఎనిమిదేళ్ళు వచ్చాక మొన్న ఆదివారం సాయంత్రమే వాడికి ఆ సంగతి తెలిసింది.

దీన్ని పట్టుకోవడానికి మన దగ్గర ఒక చక్కటి సాధనం ఉంది, దానికి పైసా ఖర్చు లేదు. మా ఇంటికి కూతవేటు దూరంలో వడపళని స్టూడియోల్లో ఒకప్పుడు రికార్డయిన పాత తెలుగు పాటలు. ఘంటసాల, సుశీల పాడిన ఆ కాలం పాటలు మోనో, అంటే రెండు చెవులకీ వచ్చేది అచ్చంగా ఒకే శబ్దం. గొంతు తల మధ్యలో, రెండు కళ్ళ మధ్య నుంచి వస్తున్నట్టు వినపడాలి. పక్కకి జరిగిందంటే ముందు అటూ ఇటూ టిప్స్ మార్చి చూడండి. అప్పుడూ జరిగితే ఇయర్‌ఫోన్లో రెండు పక్కలూ సరిగ్గా జోడు కుదరలేదన్నమాట, లేదా మీ చెవుల్లోనే తేడా ఉండొచ్చు, రెండు వైపులా తిప్పి పెట్టుకుంటే ఏదో తెలిసిపోతుంది. ఆడియో సిస్టమ్ పరీక్షించడానికి ఇంగ్లిషు రాక్ పాటలే పెట్టాలని ఎవరు చెప్పారో గానీ, తంబుర శ్రుతిలో ఆ జీర, ఘటం మీద గోరు తగిలే చప్పుడు, మృదంగం ఎడమ వైపు అరచెయ్యి నొక్కి జరిపితే వచ్చే ఆ 'గుమ్' ఇవి మూడూ ఒకే కచేరీలో దొరుకుతాయి. డిసెంబరు సీజన్లో మ్యూజిక్ అకాడమీలో కూర్చుని ఇవి నిజంగా ఎలా ఉంటాయో విన్నవాళ్ళని మోసం చెయ్యడం కష్టం.

ఇక ధర సంగతి. ఆ ఆదివారమే మా బావమరిది ఆఫీసు స్నేహితుడి దగ్గర సెన్‌హైజర్ ఐఈ 900 అరువు తెచ్చాడు, నా దగ్గర అదే కంపెనీ ఐఈ 200 ఉంది, మా అమ్మాయి దగ్గర మూన్‌డ్రాప్ చూ ఉంది. మొదటిది 2021లో వచ్చినప్పుడు అమెరికాలో 1,300 డాలర్లు, రెండోది 2023లో 150 డాలర్లు, మూడోది 20 డాలర్ల సరుకు. సరదా ఏంటంటే ఈ మూడింట్లోనూ చెవికి ఒక్కటే డైనమిక్ డ్రైవరు (బుల్లి స్పీకరు లాంటిది), సెన్‌హైజర్ రెండింట్లోనూ అది 7 మిల్లీమీటర్లే. ఐఈ 900కి అల్యూమినియం దిమ్మని తొలిచిన ఒళ్ళు, లోపల హెచ్చు స్థాయిల్ని అదుపు చేసే చిన్న చిన్న గదులు ఉంటాయి, ఐఈ 200ది మామూలు ప్లాస్టిక్.

మా అమ్మాయి మారుస్తుంటే మేమిద్దరం కళ్ళు మూసుకుని విన్నాం. అంతకంటే ముందు చేసిన పని సౌండు సమం చెయ్యడం, ఇది చాలామంది చెయ్యరు, మీ వ్యాసకర్తా చేసినట్టు లేదు. రెండింట్లో ఒకటి రవ్వంత గట్టిగా మోగితే మన చెవికి అది 'మెరుగ్గా' అనిపిస్తుంది, గట్టిదనం అని అనిపించదు, అదీ తిరకాసు. కొట్టులో కుర్రాడు ఖరీదైనదాన్ని ఒక గీత పెంచి వినిపిస్తే ఆ రోజు మన జేబు ఖాళీ. మాది శాస్త్రీయ పరీక్ష అని చెప్పను, చెవిలో పెట్టగానే లోహమో ప్లాస్టికో కొంత తెలిసిపోతూనే ఉంది. అయినా చెప్తాను. మూన్‌డ్రాప్ చూకీ ఐఈ 900కీ తేడా తెలిసింది, ముఖ్యంగా ఘటం మీద, ఖరీదైనదాంట్లో ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య నిశ్శబ్దం కూడా వినపడుతుంది. ఐఈ 200కీ దానికీ మాత్రం నేను తడబడ్డాను. మా బావమరిది ఒకసారి ఐఈ 200 పెట్టుకుని "ఇదీ అసలైన సరుకు" అన్నాడు, ఆ తర్వాత పది నిమిషాలు ఎవరితోనూ మాట్లాడలేదు. గాయనుల గొంతులో 'స', 'ష' అక్షరాలు ఐఈ 900లో నాకు కొంచెం కొరుకుతున్నట్టే అనిపించాయి, మా అమ్మాయికి అదే బాగుందట.

ఆ తేడాకి ఒక కారణం వయసు. నాకు యాభై నాలుగు, దానికి పదహారు. మనిషి చెవి పుట్టుకతో దాదాపు 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వింటుందంటారు, కానీ పై అంచు ఏళ్ళతో పాటు కరుగుతూ వస్తుంది. ఫోన్లో హెచ్చు స్వరం మోగిస్తే "నాన్నా, చెవులు చిల్లులు పడుతున్నాయి ఆపండి" అని అది అరుస్తుంటే నాకు ఫోను మోగుతున్నట్టే తెలియలేదు. మీ నక్షత్రాలిచ్చిన ఆయన వయసు ఎంతో వ్యాసంలో వేస్తే బాగుండేది, హాస్యానికి అనట్లేదు.

రెండో కారణం ఇంకా లోతైంది. తెరిచి ఉన్న చెవి గొట్టం రమారమి రెండున్నర సెంటీమీటర్లు, లోపలి చివర కర్ణభేరి మూసి ఉంటుంది. ఒక వైపు మూసిన వెదురు గొట్టంలో గాలి ఊదితే ఎలా మోగుతుందో అలా 3,000 హెర్ట్జ్ చుట్టుపక్కల అది తనంతట తానే శబ్దాన్ని పెంచుతుంది. పుట్టినప్పటి నుంచి మనం లోకాన్ని ఆ పెంపుతోనే విన్నాం. ఇయర్‌ఫోన్‌తో బిరడా వేసినట్టు మూసేస్తే ఆ సహజమైన మోత చెదిరిపోతుంది, తయారు చేసినవాడు దాన్ని తిరిగి కలపాలి. ఎంత కలపాలన్నదే ఈ రంగంలో అసలు తగువు. హార్మన్ కంపెనీలో షాన్ ఆలివ్ బృందం జనాన్ని కూర్చోబెట్టి వినిపించి, ఏ స్థాయి ఎంత ఉండాలో చూపే, ఎక్కువమందికి నచ్చే గీత ఒకటి తయారు చేసింది, ఇవాళ రెండు వేల రూపాయల చైనా ఇయర్‌ఫోన్లు కూడా ఇంచుమించు ఆ గీతకి దగ్గరగా వస్తున్నాయంటే ఆ పని పుణ్యమే. అయితే అది ఎక్కువమంది గీత, మీ చెవి గీత కాదు.

ధరకీ ధ్వనికీ ఉన్న చుట్టరికం గురించి నేను గాల్లో మాట్లాడట్లేదు. 2017లో అమెరికా ధ్వనిశాస్త్ర సంఘం పత్రికలో యెరూన్ బ్రేబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్ల కొలతలు ముందు పెట్టుకుని చూస్తే, ఏ స్థాయి ఎంత గట్టిగా పలుకుతుందో చెప్పే వాటి ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్‌కీ రిటైల్ ధరకీ పొంతనే కనపడలేదు. అన్నీ ఒకటేనని దానర్థం కాదు, ధర చూసి ధ్వని ఊహించలేమని. మీ నక్షత్రాలు మాత్రం ధర పక్కనే బుద్ధిగా నడిచాయి.

డ్రైవర్ల లెక్కా అంతే. పది తలలుంటే రావణుడికి బుద్ధి పదింతలైందా? బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ అనే బుల్లి డ్రైవర్లు వినికిడి యంత్రాల నుంచి ఇటు వచ్చినవి, ఒక్కోటి ఒక్కో స్థాయి బాగా పలుకుతుంది, నాలుగూ ఎనిమిదీ కలిపి వాటి మధ్య పని పంచాలంటే అతుకు కనపడకుండా కుట్టడం దర్జీ పని. బాగా కుట్టినవీ ఉన్నాయి, కాదనను. కానీ అలాంటివి కొన్ని ఏ ఫోనుకి గుచ్చితే ఆ ఫోను కరెంటు గుణాన్ని బట్టి స్వరం మార్చుకుంటాయి, అది మీ వ్యాసంలో లేదు. మరోవైపు ఎటిమోటిక్ కంపెనీ 1991లో ఒక్కటే డ్రైవరుతో ఈఆర్-4 తెచ్చింది, దాని వారసులు ఇప్పటికీ ఒక్క డ్రైవరుతోనే నడుస్తున్నాయి. చెవిలో లోతుకి, మూడు గొడుగులు ఒకదాని మీద ఒకటి పెట్టినట్టుండే రబ్బరుతో దూరుతుంది, మొదటి వారం డాక్టరు దగ్గర కూర్చున్నట్టే ఉంటుంది. మా ఆవిడ ఒక్క క్షణం పెట్టుకుని తీసేసింది.

వైర్‌లెస్‌వి, వైరువి కలిపి ఒకే జాబితాలో వెయ్యడం కూడా సరి కాదు. బ్లూటూత్‌లో పాటని కుదించి పంపే మెరుగైన పద్ధతి ఎల్‌డాక్ కూడా సెకనుకి 990 కిలోబిట్ల దగ్గర ఆగుతుంది, సీడీ 1,411. నిజం చెప్పాలంటే నా చెవికి ఆ తేడా పెద్దగా తెలియదు. బ్యాటరీ సంగతే బాధ, పాతికవేలు పెట్టిన వైర్‌లెస్‌ది బ్యాటరీ నీరసించాక మన చేతుల్లో మార్చుకునేది కాదు, వైరుదైతే తీగ తెగినా కొత్త తీగ వేసుకోవచ్చు, తీగ ఊడొచ్చేదైతే. తాంబరం లోకల్‌లో వెళ్ళేవాడికి నాయిస్ క్యాన్సిలింగ్ అవసరమంటే ఒప్పుకుంటాను. అయితే టిప్ బిగువుగా కూర్చుంటే మామూలు ఇయర్‌ఫోన్ కూడా రైలు రొదని చాలావరకు ఆపుతుంది, సౌండు పెంచాల్సిన పని తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకి వారానికి 40 గంటలు 80 డెసిబెల్స్ దాకా ఫరవాలేదంటోంది. బేస్ సరిగా అందక జనం పెంచే సౌండు చూస్తే పక్క సీటులో నాకే పాట వినపడుతోంది.

మీకు నా విన్నపం ఒకటే. ఈసారి ఇలాంటి జాబితా వేస్తే పెట్టెలో ఎన్ని సైజుల టిప్స్ ఇస్తున్నారు, విడిగా దొరుకుతాయా, పాడైతే బాగుచేసేవాళ్ళు ఊళ్ళో ఉన్నారా, సౌండు సమం చేసి విన్నారా లేదా, ఇవి రాయండి. ఐఈ 200లో టిప్‌ని ఒక మెట్టు ముందుకో వెనక్కో బిగిస్తే బేస్ మారేలా కంపెనీయే ఏర్పాటు పెట్టింది, ఆ ఒక్క వివరం రాసినా పాఠకుడికి డబ్బు మిగిలేది. కొన్న తర్వాత కూడా నచ్చకపోతే ఫోన్లో ఒక్కో స్థాయినీ పెంచి తగ్గించుకునే ఈక్వలైజర్ ఉంది, ఉచితం, అది వాడితే నామోషీ అనుకునే ఆడియో పండితుల మాట పక్కన పెట్టండి.

మా బావమరిది ఇంకా ఆ రెండో నంబరుది కొనలేదు. వాడి పాత ఇయర్‌ఫోన్ జేబులో వేసుకుని వచ్చే శనివారం ఇద్దరం రిచీ స్ట్రీట్‌కి వెళ్తున్నాం. టిప్స్ మార్చి చూడనిచ్చే కొట్టు దొరికితే మీకు మళ్ళీ రాస్తాను, దొరక్కపోయినా రాస్తాను.

– ఒక పాఠకుడు, సాలిగ్రామం, చెన్నై