పాత తుపాకీకి దుర్భిణి బిగిస్తే చాలదు

సంపాదకులకు,

అయ్యా,

మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన ఆయుధాల వ్యాసంలో, పాత సైనిక రైఫిళ్లకే దుర్భిణులు బిగించి స్నైపర్ తుపాకులుగా వాడుకున్నారని రాశారు. సికింద్రాబాద్‌లోని సైనిక సాంకేతిక శాఖ ఇ.ఎం.ఇ. కేంద్రంలో శిక్షణ పొంది, సైన్యంలో ఆర్మరర్‌గా (తుపాకులు సరిచేసేవాడిగా) పనిచేసినవాడిగా ఆ మాటతో ఏకీభవించలేకపోతున్నాను.

అమెరికా స్నైపర్ రైఫిల్ ఎం-21 సంగతే చూడండి. 1936 నాటి గరాండ్ రైఫిల్ నుంచి పుట్టిన ఎం-14ను ఆ దేశ సైన్యం 1957లో స్వీకరించింది. వియత్నాంలో దూరపు గురికి సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు (ఒకటి పేలగానే తర్వాతి తూటాను తామే ఎక్కించుకునేవి) కావలసి వచ్చినప్పుడు రాక్ ఐలాండ్ ఆయుధశాల 1,435 ఎం-14 రైఫిళ్లను ఎం-21లుగా మార్చి ఇచ్చింది. అవి గిడ్డంగిలో చేతికందినవి కావు, గురి పోటీల కోసం ప్రత్యేక శ్రద్ధతో తయారైన నేషనల్ మ్యాచ్ రకానివి. ఇలాంటి సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌లో తూటా వెనుక నుంచి మళ్లిన వాయువు పిస్టన్‌ను నెడుతుంది. ఆ సరంజామా అంతా గొట్టాన్నే అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి, గొట్టం ప్రతిసారీ ఒకే తీరున కంపించేలా చూడటమే ఆర్మరర్‌కు అసలు పరీక్ష. దానికి తోడు చెక్క స్టాక్ (భుజానికి ఆన్చే, గొట్టాన్ని మోసే భాగం) తేమకు ఉబ్బుతుంది. వానాకాలంలో బిగుసుకుపోయే తలుపును చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. అందుకే ఆ చెక్కకు ఎపాక్సీ అనే గట్టిపడే జిగురు పట్టించి, ఇనుప భాగం కూర్చునే చోటును గ్లాస్‌ఫైబర్ పూతతో సరిచేశారు. తూటా కూడా మామూలుది కాక, 173 గ్రెయిన్ల (సుమారు 11 గ్రాముల) గుండు ఉన్న పోటీ రకాన్ని ఇచ్చారు.

ఇంత చేసినా అది మోటు వాడకానికి తట్టుకునే తుపాకీ కాలేదు. స్టాక్ నుంచి విప్పి మళ్లీ బిగించినప్పుడల్లా ఆ పూత అరుగుతుంది, గురి చెదురుతుంది, తుపాకీ తిరిగి ఆర్మరర్ చేతికి రావలసిందే. 1988లో అమెరికా సైన్యం ఎం-21 స్థానంలో ప్రతి గుండుకూ చేత్తో బోల్టు లాగవలసిన ఎం-24ను తెచ్చుకుంది. ఇరాక్, అఫ్ఘానిస్థాన్ యుద్ధాలలో దూరపు లక్ష్యాల అవసరం పడి ఎం-14లు మళ్లీ బయటికి వచ్చాయన్నదీ నిజమే.

మన సైన్యం దశాబ్దాలుగా వాడుతున్న డ్రాగనోవ్‌ను కూడా మీ వ్యాసం అదే గాటన కట్టి, ఏకే-47 గొట్టం పొడిగిస్తే వచ్చిందన్నది. 1963లో సోవియట్ సైన్యంలో చేరిన ఆ రైఫిల్‌ను మొదటి నుంచీ స్నైపర్ల కోసమే రూపొందించారు. ఏకేలో పిస్టన్ బోల్టు క్యారియర్‌తో (బోల్టును మోసే భాగంతో) కలిసి వెనక్కి సాగుతుంది. డ్రాగనోవ్‌లో పిస్టన్ విడిగా ఉండి, కొద్దిదూరం తట్టి ఆగిపోతుంది. దాని తూటా మాత్రం 1891 నాటిది.

పైగా వ్యాసం పక్కన వేసిన ఫొటో డ్రాగనోవ్‌ది కాదు, రుమేనియా పి.ఎస్.ఎల్. రైఫిల్‌ది. తుపాకీ మ్యాగజైన్ (తూటాల పెట్టె) మీద అడ్డంగా కొట్టినట్టున్న ఇంటూ గుర్తు చూస్తే తెలిసిపోతుంది. నిజంగా ఏకే వంశానికి చెందినది ఆ తుపాకీయే. ఫొటో కింది పేరునూ, వ్యాసంలోని వాక్యాన్నీ సవరించి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఆర్మరర్, గుంటూరు