లంక ఊళ్లకు మంచి విత్తనపు దున్నలు కావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

పాడి గురించి పేపర్లో ఎప్పుడు వచ్చినా పాల ధర, దాణా ధర, ఈ రెండింటి గురించే వస్తుంది. అవీ రాయాల్సిందే. కానీ గేదె అసలు చూడే కట్టకపోతే పాల ధర ఎంత పెరిగి ఏం లాభం? గోదావరి పాయల మధ్య దీవుల్లా ఉండే మా కోనసీమ లంకల్లో ఇప్పుడు పెద్ద బాధ అదే. ఈని ఏడాది దాటిపోతుంది, పాలు తగ్గిపోతాయి, గేదె మాత్రం కట్టదు. గడ్డీ తవుడూ రోజూ వేయాల్సిందే కదా.

దున్న లేకుండానే కట్టించే సూది, అదే కృత్రిమ గర్భధారణ, వేయించుకోవచ్చు కదా అంటారు. సూదికి నేను వ్యతిరేకిని కాను. రోగ పరీక్షలు చేసిన మంచి ముర్రా (ఎక్కువ పాలిచ్చే గేదె జాతి) దున్నల వీర్యం అందులో వస్తుంది, రోడ్డు పక్క ఊళ్లో ఉంటే నేనూ అదే వేయిస్తాను. కానీ దానికి టైము ముఖ్యం. పొద్దున గేదె ఎదకొచ్చిన గుర్తు కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున వేయించాలి. ఆ వీర్యం మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ఉండాలి, దాన్ని పట్టుకుని మనిషి రేవు దాటి రావాలి, చీకటి పడితే పంటు ఉండదు, జులై ఆగస్టుల్లో వరదొస్తే పగలు కూడా ఉండదు. ఒక ఎద తప్పితే మళ్లీ 21 రోజులు ఆగాలి. వరసగా రెండు మూడు ఎదలు తప్పాయంటే రెండు నెలల మేత దండగే.

పైగా గేదెది మూగ ఎద. ఆవులాగా అరిచి గోల చేయదు, పక్కవాటి మీదకు ఎక్కడమూ తక్కువే. ఎండాకాలం మరీ కష్టం, ఇక్కడ కాలవలు కట్టేస్తారు, గేదెలు పడుకోవడానికి నీళ్లుండవు, ఆ వేడికి ఎద వచ్చిందో లేదో కూడా తెలియదు. తెల్లవారుజామున పడుకుని ఉన్నప్పుడు వెనక సన్నగా జిగురు తీగలు వేస్తుంది, లేచి నాలుగడుగులు వేస్తే ఆ గుర్తు కూడా మట్టిలో కలిసిపోతుంది. టార్చిలైటు వేసుకుని ప్రతి గేదె వెనకా రోజూ ఎవరు చూస్తారు? దున్నకు మాత్రం ఇట్టే తెలిసిపోతుంది. గేదె పోసిన మూత్రం వాసన చూసి, మెడ చాచి, పై పెదవి పైకి మడిచి అలాగే కాసేపు నిలబడుతుంది. తర్వాత వెళ్లి గేదె నడుం మీద గడ్డం ఆనిస్తుంది. గేదె కదలకుండా నిలబడితే ఎదలో ఉన్నట్టే, పక్కకు తప్పుకుంటే ఇంకా టైము కాలేదన్నమాట. అందుకే లంకల్లో ఊరికో మంచి దున్న ఉండాలంటున్నాను.

ఇప్పుడున్నవి మాత్రం మంచివి కావు, ఇది గట్టిగా చెప్పాలి. ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువ పాలిచ్చే గేదెకు మగదూడ పుడితే దానికి పాలు సరిగా వదలరు, బతికి బట్టకడితే నాలుగు నెలలు తిరక్కుండానే బేరగాడికి ఇచ్చేస్తారు. ఎవరి దొడ్లోనో అమ్ముడుపోక మిగిలిన నాసిరకం దున్నే చివరికి ఊరందరి గేదెలకూ దిక్కవుతుంది. దాని తల్లి ఎన్ని పాలిచ్చిందో ఎవరికీ తెలియదు. దానికి పుట్టిన పెయ్యలు తల్లి కన్నా తక్కువ పాలిస్తే మేపు సరిపోలేదేమో అనుకుంటాం. అదే దున్న అయిదారేళ్లు ఊళ్లో ఉంటే తన కూతుళ్లనే దాటుతుంది, పుట్టే దూడలు బలహీనంగా పుడతాయి. పెయ్యలు ఎదకొచ్చే ఈడు రాకముందే దున్నను దూరం ఊరి దున్నతో మార్చుకోవాలి. అమ్మక్కర్లేదు, మార్చుకుంటే చాలు.

ఇంకో భయం ఈసుకుపోయే రోగం, అంటే నెలలు నిండకుండానే చూడి పోయే రోగం, బ్రూసెల్లోసిస్. ఏడో నెలో ఎనిమిదో నెలో గేదె ఈసుకుపోతే దిష్టి తగిలిందని సరిపెట్టుకుంటున్నారు మావాళ్లు. ఈసుకుపోయిన పిండాన్ని, మాయను వట్టి చేతులతో తీసి కాలవలో పడేస్తున్నారు, దయచేసి ఆ పని చేయకండి. ఆ రోగం మనుషులకూ వస్తుంది, విడవని జ్వరం, కీళ్ల నొప్పులు పట్టుకుంటాయి. చేతికి తొడుగు వేసుకుని తీసి, సున్నం చల్లి లోతుగా పాతిపెట్టాలి. 2019లో మొదలైన కేంద్రం కార్యక్రమంలో ఈ రోగానికి టీకా వేస్తున్నారు కానీ అది 4 నుంచి 8 నెలల ఆడదూడలకే, మగవాటికి వేయరు. కాబట్టి దున్న సంగతి తెలియాలంటే రక్తపరీక్ష ఒక్కటే దారి. పరీక్ష చేయించని దున్న దగ్గరికి, ఊరికే దాటిస్తామన్నా సరే, గేదెను తోలుకెళ్లొద్దు.

పశుసంవర్ధక శాఖ వారిని నేను అడిగేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. గాలికుంటు టీకాలకు ఎలాగూ ఊళ్లకు వస్తారు, అప్పుడే విత్తనపు దున్నల రక్తం కూడా తీసుకుని ఫలితం కాగితం మీద రాసివ్వండి. తల్లి పాల లెక్క తెలిసిన ముర్రా దున్నలను లంకల్లో మేపగలిగిన రైతులకు ఇప్పించండి. నాసిరకం దున్నలకు వృషణాలు నొక్కించే పని మళ్లీ గట్టిగా పెట్టండి.

మా దగ్గర ఒక ముర్రా దున్న ఉంది. తల్లి మా ఇంటి గేదే, పూటపూటా పాలు కొలిచి రాసిన పుస్తకం ఉంది, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. రక్తపరీక్ష చేయించాం. వారానికి రెండు మూడు గేదెలకు మించి కట్టనివ్వను, అంతకు మించితే వీర్యం పలచబడి గేదెలు చూడి నిలవక తిరగబెడతాయి. కొంచెం డబ్బు తీసుకుంటాను, దాని మేపుకు అవుతున్నంతే, అందులో దాపరికం లేదు. ఈసుకుపోయిన గేదెను మాత్రం పరీక్ష కాగితం లేకుండా ఎంత దగ్గరివాళ్లు తెచ్చినా వెనక్కి పంపిస్తాను. ఏ ఇంటి గేదె ఏ రోజు కట్టిందో రాసి ఇస్తాను, 21 రోజులకు మళ్లీ ఎదకొస్తే ఇంకోసారి డబ్బులివ్వక్కర్లేదు, మూడు నెలలకు డాక్టరు గారితో చూడి పరీక్ష చేయించుకోండి. నా దున్నను మార్చాల్సిన టైము దగ్గరపడుతోంది. గోదావరి అవతల పశ్చిమ డెల్టాలో ఇలాగే తల్లి లెక్క రాసి, పరీక్ష చేయించి దున్నను మేపుతున్న రైతు ఎవరైనా ఉంటే ఈ శీర్షికకే ఉత్తరం రాయండి, మార్చుకుందాం.

ఇట్లు,
ఒక పాడి రైతు, కోనసీమ